అమ్మ గొంతు, వాళ్ళ సాక్ష్యం

వన్ టౌన్‌లో మూలికల కొట్ల ముందు నుంచి నడిచినప్పుడల్లా కరక్కాయ వాసన తగిలి నాకు ఒళ్ళు మండుతుంది. మా అమ్మ ఏడాది పాటు ఆ కరక్కాయ ముక్కనే బుగ్గన పెట్టుకుని తిరిగింది.

తొంభైల చివరి మాట ఇది. డిసెంబరు వస్తే మా సందులో కాగితపు నక్షత్రాలు వేలాడేవి, ఇంటింటా అరిసెల పాకం వాసన కమ్మగా వచ్చేది, చర్చివాళ్ళతో అమ్మ లారీ ఎక్కి మంచులో, మైకు లేకుండా క్రిస్మస్ పాటలు పాడుతూ వెళ్తుంటే పిల్లలం నువ్వులంటిన వేళ్ళు నాక్కుంటూ వెనకాల పరిగెత్తేవాళ్ళం. అలా అరిచి అరిచి పాడిన గొంతు ఒక క్రిస్మస్ తర్వాత బొంగురుపోయి మళ్ళీ తేరుకోలేదు. మిరియాల కషాయాలయ్యాయి, నీలగిరి తైలం ఆవిర్లయ్యాయి. ఎవరో "గొంతులో గడ్డంట" అన్నారు. అంతే, గడ్డంటే కేన్సరేనని తీర్మానించి పక్కింటివాళ్ళు మా ఇంట్లో మంచినీళ్ళు తాగడం మానేశారు.

చివరికి నాన్న గొంతు డాక్టరుకి చూపించాడు. "కేన్సర్ కాదండీ, స్వరపేటిక మీద చిన్న బొడిపె" అన్నారాయన. ఒకప్పుడు ఇలాంటివాటికి మెడ కోసి తెరిచేవారనీ, తర్వాత నోట్లో చిన్న అద్దం పెట్టి, అందులో చూసుకుంటూ వంకర పనిముట్టుతో, మనిషి మెలకువగా ఉండగానే తీసేవారనీ, ఇప్పుడు మత్తిచ్చి, మైక్రోస్కోపులో చూస్తూ నోట్లోంచే తీసేస్తామనీ చెప్పారు. తీసేశారు కూడా. రెండు వారాలు పెదవి విప్పొద్దన్నారు. అమ్మ నా పలక మీద రాసి మాట్లాడేది.

వారం తిరక్కుండానే, ఆదివారం పొద్దున్నే, పాస్టరమ్మ గారు నలుగురిని వెంటేసుకుని, రొట్టె ప్యాకెట్టూ బత్తాయిలూ పట్టుకుని వచ్చారు. రోగం నయమైనవాళ్ళు చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పడం మాలో ఆనవాయితీ. డాక్టరు వద్దన్నారని అమ్మ పలక మీద రాసి చూపించింది.

"రెండు ముక్కలు చెప్పి ఒక్క చరణం పాడమ్మా. దేవుడు బాగుచేసిన గొంతు దాచుకుంటే ఎట్టా?"

కృతజ్ఞత లేనిదంటారని భయపడి అమ్మ వెళ్ళింది. "గట్టిగా, వినబడట్లా" అన్నారు వెనక బల్లలవాళ్ళు. అమ్మ గట్టిగా పాడబోయింది. చరణం మధ్యలో గొంతు తెగినట్టు ఆగిపోయింది. ఆమెన్ మాత్రం అందరూ గట్టిగానే అన్నారు.

"బొడిపె అయితే కోశానండీ. ఇప్పుడక్కడ మచ్చ కట్టింది. మచ్చనేం కొయ్యను?" అన్నారు డాక్టరు, తర్వాత చూపిస్తే.

ఇప్పుడు లారీ మీద పెద్ద స్పీకర్లున్నాయి, అరిసెలు కొట్లో కొంటున్నాం, పలకలు ఏ ఇంట్లోనూ లేవు. అమ్మ చర్చిలో వెనక బల్ల మీద కూర్చుని, అందరూ పాడుతుంటే పెదాలు కదుపుతుంది. మొన్న పాస్టరమ్మ గారు నా చెయ్యి పట్టుకుని "అంతా దేవుడి చిత్తమమ్మా" అన్నారు.

పాడమని దేవుడు అడగలేదండీ. మీరడిగారు.