చెవులు వాల్చిన కుక్క

నార్సింగిలోని తన స్టూడియోలో అనూష తానే నేల మీద బోర్లా పడుకుని కుక్కల ఫొటోలు తీస్తుంది. తలుపు మూస్తే హారన్లు వినపడవు. ఎంత బెదిరిన కుక్కయినా కాసేపటికి చెవులు వాలుస్తుంది. ఒకరోజు పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొమురయ్య కుంటి వీధికుక్కను ఎత్తుకొచ్చాడు. "అపార్ట్‌మెంటోళ్లు తరిమెయ్యమంటున్నరమ్మా. బయట ఫొటో తీస్తే కరిచేదాని లెక్క పడ్తది. అది చూసి ఎవరు సాదుకుంటరు?" లాబ్రడార్‌తో వచ్చిన పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. "దాన్ని లోపలికి రానిస్తే నేను వెళ్లిపోతానండి." "వెళ్లండి సార్. తలుపు మాత్రం మెల్లగా వేయండి, ఇది బెదురుతుంది," అని అనూష నేలకు వాలింది. చాలాసేపు కెమెరా ముట్టుకోలేదు. కుక్క మెల్లగా చతికిలబడి, చెవులు వాల్చి, నోరంతా తెరిచి ఆవులించింది. అప్పుడు తీసింది. ఆ ఫొటోను జాతికుక్కల ఫొటోల నడుమ, వీధికి కనబడేలా తగిలిస్తుంటే కొమురయ్య జంకాడు. "వచ్చేటోళ్లు ఏమనుకుంటరో?"

"అనుకోనీ తాతా. ముందైతే చూడనీ."