జంట గీత

ఈ ఉదయం చాట ముందేసుకుని బీడీలు చుడుతుంటే, తొమ్మిది నెలల మా మనవరాలు పాక్కుంటూ వచ్చి తునికాకు ముక్కను గుప్పిట్లో బిగించింది. నోట్లో పెట్టుకుంటుందని లాగబోయాను, వదిలితేగా! పక్కన కూర్చున్న మా అన్న పకపకా నవ్వాడు. ఒళ్ళో ఆయన కుడిచెయ్యి మాత్రం ఎప్పటిలాగే ఆడుతూనే ఉంది. ఈ పిల్లకు నేను అమ్మమ్మను, ఆయన తాత. నా కూతురిని ఆయన కొడుక్కే ఇచ్చాను. ఇచ్చేముందు ఎంత భయపడ్డానో ఆ పట్టు చూశాక గుర్తుకొచ్చింది.

అన్నకు ముప్పై అయిదేళ్ళకే చెయ్యి వణకడం మొదలైంది. అప్పుడు అశోక్ చౌక్ దగ్గర పవర్‌లూమ్ కార్ఖానాలో టవళ్ళు నేసేవాడు. అక్కడ మగ్గాలు నడుస్తుంటే గోడలు కూడా అదురుతాయి. ఆ అదురే చేతికి పట్టుకుందని పేటంతా తీర్పు చెప్పేసింది. డాక్టరు తప్ప ప్రతివాళ్ళూ ఒక నూనె చెప్పారు, మా ఒదిన పాపం అన్నీ రాసింది. ఇల్లు ఎప్పుడూ కర్పూరం వాసన వేసేది. అన్న మటుకు కొడుకును కార్ఖానా గడప తొక్కనివ్వలేదు. వాడు మోటారు గ్యారేజీలో చేరి, పొద్దస్తమానం అదిరే ఇంజన్ల మీద చేతులు పెట్టుకుని బతికాడు. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. చాలా ఏళ్ళకు హాస్పిటల్‌లో దీన్ని పార్కిన్సన్స్ అన్నారు. మాత్రలతో అన్నకు కొంత తెరిపి వచ్చింది.

మూడేళ్ళ కిందట, పిల్లల పెళ్ళి మాటలు నడుస్తుండగా, అదే హాస్పిటల్ నుంచి ఒక డాక్టరమ్మ బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లోని మా ఇంటికి వచ్చింది. చిన్న వయసులోనే ఈ జబ్బు వచ్చినవాళ్ళ రక్తం తీసుకుని, చాలా దేశాలవాళ్ళు కలిసి కారణం వెతుకుతున్నారట. మా వంశమంతా గీస్తానని కాగితం పరిచింది. మా అమ్మానాన్నలది మేనరికం కావడంతో అక్కడే చిక్కుబడింది. మా నానమ్మే మా అమ్మకు మేనత్త.

"మావ్శీ, ఈమెను ఒకసారి రాసిన కదా?" అంది డాక్టరమ్మ. మావ్శీ అంటే మరాఠీలో పిన్ని.

"రాసినవ్ బిడ్డా, మళ్ళ రాయి" అన్నాను.

దగ్గరివాళ్ళ పెళ్ళికి రెండు గీతలు గీస్తారట. మా అమ్మానాన్నల మధ్య పడ్డ ఆ జంట గీతను అన్న తొంగి చూశాడు. "జంట పోగు పడ్డట్టుంది గదనే! బట్టల గిట్ల పడితే తప్పే" అన్నాడు. నేను మురిసిపోతూ మా పిల్లల పెళ్ళి సంగతీ చెప్పాను. ఆమె పెన్ను ఆగిపోయింది.

కొన్ని నెలలకు ఆమె అన్న రక్తపరీక్ష ఫలితంతో వచ్చి, మాకు తెలిసేట్టు చెప్పింది. ప్రతి మనిషికీ తల్లి నుంచి ఒక పోగు, తండ్రి నుంచి ఒక పోగు వస్తాయి. అన్నకు రెండూ పాడైనవే వచ్చాయి. ఆయన కొడుకులో పాడైనది ఒకటి తప్పకుండా ఉంటుంది, ఒక్కదానితో జబ్బు రాదు. నా నుంచి నా కూతురికీ ఒకటి వచ్చి ఉంటే మాత్రం, వాళ్ళకు పుట్టే పిల్లలకు ఈ జబ్బు రావచ్చు. అన్న మాత్రం, "అంటే మగ్గం తప్పేం లేదన్నట్టు. ఉత్తగనే ఇన్నేండ్లు తిట్టుకుంటి" అన్నాడు.

నా కూతురి రక్తం ఇచ్చాక గడిచిన రోజులు పగవాళ్ళకు కూడా వద్దు. కాదనాల్సి వస్తే అన్న ముఖం ఎలా చూడను? ఔనంటే పుట్టే పిల్లల ముఖం ఎలా చూడను? బీడీలకు దారం వదులుగా పడి కంపెనీ నుంచి సగం తిరిగొచ్చాయి. నా చేతులూ వణుకుతున్నాయని హడలిపోయాను. అది ఉత్త భయమేనని, డాక్టరమ్మ వచ్చి "మావ్శీ, మీ బిడ్డకు లేదు. పెళ్ళి చేసుకోండ్రి" అన్నాక తెలిసింది. ఆ మాట వినగానే తునికాకుల మీద కూలబడి గట్టిగా ఏడ్చాను. ఒదిన నా నోట్లో చక్కెర పోసింది.

అన్న ఇన్నాళ్ళూ, జారవిడుస్తానన్న భయంతో, పసిపిల్లలను ఎత్తుకోలేదు. ఇవాళ ఏమనుకున్నాడో, "గిటియ్యి చెల్లె" అన్నాడు. పిల్లను ఆయన ఒళ్ళో కూర్చోబెట్టాను. అది ఆకు పారేసి ఆయన వేలు పట్టుకుంది. తాత చెయ్యి వణుకుతూనే ఉంది, పిల్ల పట్టు వదల్లేదు. డాక్టరమ్మ తెచ్చిన కబురు మా అన్న దగ్గరికి ఇరవై ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది, ఈ పిల్ల దగ్గరికి మాత్రం పుట్టకముందే వచ్చింది.