చెల్లుకుచెల్లు అత్తకు వచ్చిన కన్ను

మా వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తుండదు. అందరికీ ఆవిడ చెల్లుకుచెల్లు అత్తే. ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకోదు. మీరు ఏదైనా వండి గిన్నెలో పంపితే, సాయంత్రానికల్లా ఆ గిన్నె నిండుగా తిరిగొస్తుంది. వానలో ఎవరైనా స్కూటరెక్కించుకుని ఇంటి దగ్గర దింపారనుకోండి, మర్నాడు వాళ్ళ ప్యాంటు అంచు విప్పి కొత్తగా కుట్టిచ్చేదాకా ఆవిడకు నిద్ర పట్టదు. "ప్యాంటు బాగానే ఉందండీ" అని మొత్తుకున్నా వినదు. నేను ఆవిడ పక్కింటిదాన్ని. మా రెండిళ్ళకీ నడుమ గోడ ఒకటే. ఆవిడ కుట్టుమిషన్ చప్పుడు వింటూనే నా పిల్లలు పెరిగారు.

ఇంటి ముందు గదే అత్త షాపు. కిటికీ కింద మిషను, పక్కన కత్తిరించే బల్ల, బల్ల చివర అరిగిపోయిన సుద్దముక్కలు పెట్టుకునే పాత సబ్బుపెట్టె. మెడలో ఎప్పుడూ టేపు. మావయ్యేమో కుళాయిలు, పైపులు బాగుచేస్తాడు. మాట తక్కువ మనిషి. మాట్లాడితే మాత్రం తను నవ్వకుండా ఎదుటివాళ్ళను నవ్విస్తాడు.

మేమందరం వెళ్ళేది ఒకటే చర్చి. అక్కడి కర్టెన్లు, బల్ల మీద పరిచే తెల్లగుడ్డ, పాటలు పాడేవాళ్ళ అంగీలు అన్నీ అత్త చేతిలోంచి వచ్చినవే. ప్రతి శనివారం వెళ్ళి నేలంతా తుడిచొచ్చేది. పాస్టరు గారు దేవుడు ఊరికే ఇచ్చే కృప గురించి చెప్పినప్పుడు అందరికంటే గట్టిగా వినపడే ఆమెన్ అత్తదే. కానీ ప్రభువు బల్ల దగ్గర, అందరికీ రొట్టె ముక్క పంచే వేళకొచ్చేసరికి ఒక పేచీ. ఆ వారం ఎవరిమీదైనా విసుక్కున్నా, ఒంట్లో బాగాలేక నేల తుడవలేకపోయినా, రొట్టె ముట్టుకునేది కాదు. "ఈ వారం నేనాయనకు ఏం చేశానని తీసుకోను?" అని వెనక బెంచీలో తల దించుకుని కూచునేది.

"మా ఆవిడకి దేవుడితో కూడా చెల్లుకు చెల్లే" అనేవాడు మావయ్య. మేం నవ్వేవాళ్ళం.

అత్త చూపు ఎప్పుడు మసకబారడం మొదలైందో మాకెవరికీ తెలీదు. ఆవిడ చెప్పలేదు. దారం సూదిలోకి వేళ్ళతో తడిమే ఎక్కించేది. కొలతలు తీసుకునేటప్పుడు టేపుని ముక్కుకి ఆనించుకుని చూస్తుంటే, వయసైపోతోంది కదా అనుకున్నాం. ఒకరోజు బ్యాంకు ఉద్యోగి ఒకాయన నల్ల ప్యాంటు తీసుకుపోయి, గంటలో తిరిగొచ్చాడు. పాపం, కోప్పడలేదు కూడా. "అమ్మా, ఒక కాలికి నల్లదారం, ఒక కాలికి ఆకుపచ్చదారం వేశారు" అని మెల్లిగా చూపించాడు. అత్త ప్యాంటుని వెలుగులోకి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. ఆవిడకు రెండూ ఒకేలా ఉన్నాయి. అప్పుడు మిషన్ మీద మూత పెట్టేసి లోపలికెళ్ళి పడుకుంది.

మావయ్య ఆ వారమే కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళాడు. తోడుగా నన్నూ రమ్మన్నారు. డాక్టరమ్మ చిన్నావిడ, గలగలా మాట్లాడుతుంది.

"కంటికి ముందు అద్దంలాంటి పొర ఒకటుంటుందమ్మా. మీ రెండు కళ్ళలోనూ అది పొగచూరినట్టయిపోయింది. మందులకు తగ్గేది కాదు. దాన్ని తీసేసి వేరేది కుట్టాలి."

కుట్టాలి అనే మాట వినగానే అత్త నిటారుగా కూర్చుంది. "వేరేది ఎక్కణ్ణించి తెస్తారు?"

"ఎవరైనా చనిపోయాక ఇస్తేనే. మీ పేరు రాసుకుంటాం. వచ్చినప్పుడు పిలుస్తాం."

"ఎవరిచ్చారో చెప్తారా?"

"చెప్పం. మీ గురించి వాళ్ళకీ చెప్పం."

 ఇంటి గుమ్మం దగ్గరికొచ్చాక అత్త, "నాకొద్దు" అంది. "ఎవరో ఏమిటో తెలీదు. బతికిలేని మనిషికి నేనేం చేసి రుణం తీర్చుకోను? ఆ కన్నుతో ఏ ముఖం పెట్టుకుని చూడను?"

తర్వాతి రోజులు ఆ ఇంట్లో బరువుగా నడిచాయి. గోడవతల మిషన్ చప్పుడు లేకపోతే నాకే ఏదో తోచనట్టుండేది. అత్త కుట్టలేదు, నేల తుడవలేదు, పొయ్యి దగ్గరికి మావయ్య రానివ్వలేదు. చర్చి ఆడవాళ్ళం వంతులేసుకుని వండి తీసుకెళ్ళేవాళ్ళం. ఎవరి గిన్నె వాళ్ళకు ఖాళీగా తిరిగొచ్చేది. అలా ఖాళీ గిన్నె ఇవ్వాల్సొచ్చినప్పుడల్లా అత్త మొహం చూడాలి. ఏదో దొంగతనం చేసి పట్టుబడ్డట్టు ముడుచుకుపోయేది. ఆదివారం చర్చికి రావడం కూడా మానేసింది.

పాస్టరు గారు చూడ్డానికొచ్చి, "ఏం అక్కా, మీరు లేక ఆమెన్ చిన్నదైపోయింది" అన్నారు. అత్త నవ్వలేదు.

"వట్టి చేతులతో ఎలా రానండీ" అంది.

"మేమందరం వట్టి చేతులతోనే వస్తున్నాం అక్కా. మీరొక్కరే చీపురు పట్టుకొచ్చేవారు."

ఆ మాటకు అత్తకు కోపమొచ్చింది. ఆయన వెళ్ళాక చాలాసేపు గొణుక్కుంది. అయినా ఆ మాట ఆవిడలో ఎక్కడో ములుకులా దిగబడిందనే నేననుకుంటాను.

ఫోను వచ్చిన రోజు మావయ్య మా ఇంట్లో ఉన్నాడు. వంటింటి సింకు కింద దూరి పైపు విప్పుతున్నాడు. జేబులో ఫోను మోగితే తడిచేత్తోనే తీశాడు. "ఆఁ... ఆఁ... ఇవాళేనా?" అంటూ లేవబోయి తల సింకుకి ఠంగున కొట్టుకున్నాడు. నొప్పి కూడా తెలిసినట్టు లేదు. బయటికొచ్చి, మోచేతులనించి నీళ్ళు కారుతుంటే, "కన్నొచ్చిందమ్మాయ్. మధ్యాహ్నంలోపు రమ్మంటున్నారు" అన్నాడు. పైపు అలాగే వదిలేసి పరుగు. ఆయన వెనకాల నేను.

అత్త మంచం మీద కూచుని ఉంది. సంగతి చెబితే కదల్లేదు. దుప్పటి అంచు వేళ్ళతో తడుముతూ ఉండిపోయింది.

"లేవవే" అన్నాడు మావయ్య.

"చెప్పాను కదండీ. తిరిగివ్వలేనిది నేను తీసుకోలేను."

మావయ్య అరుస్తాడనుకున్నాను. ఆయన నేలమీద, ఆవిడ కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు.

"ఒక్క సంగతడుగుతాను, చెప్పు. చిన్నప్పట్నించీ యేసుప్రభువు నాకోసం చనిపోయాడని పాడుతున్నావు. ఆయన ప్రాణం ఇచ్చాడు కదా. నువ్వేం తిరిగిచ్చావు?"

అత్త ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. తర్వాత చిన్న గొంతుతో, "నేల తుడిచాను" అంది.

 తనన్న మాట తన చెవినే పడినట్టు అత్త తలెత్తింది. "ప్రాణానికి బదులు నేల తుడిచాను" అంది మళ్ళీ, ఎవరికో చెబుతున్నట్టు. "కర్టెన్లు కుట్టాను." పెదవులు అదిరాయి. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. ముందు సన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. "కర్టెన్లండీ. ఆయనకు కర్టెన్లు కుట్టిచ్చి, ఇక మీకూ నాకూ సరి అనుకున్నాను." మావయ్య కూడా మొదలెట్టాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా నవ్వుతుంటే నేను గుమ్మంలో నిలబడి ముక్కు తుడుచుకున్నాను.

అంతలోనే అత్త గబుక్కున లేచింది. "నా చెప్పులేవీ? మీరింకా కూచున్నారేంటి?"

మావయ్య పని వ్యానులోనే బయల్దేరాం. వెనకంతా పైపులు, గొట్టాలు. ప్రతి గతుకుకీ బ్యాండు మేళంలా మోత. రైలుగేటు దగ్గరికొచ్చేసరికి గేటు పడింది. పొద్దున్నించీ కదలనన్న మనిషి ఇప్పుడు సీటు అంచున కూచుని, "దిగి నడుద్దామా? పట్టాలు దాటితే ఆటో దొరకదూ?" అంటుంది. "కన్ను ఎక్కడికీ పోదులేవే" అన్నాడు మావయ్య. ఆయన వేళ్ళు మాత్రం స్టీరింగు మీద దరువేస్తున్నాయి. గూడ్సుబండి తాపీగా పోతోంది. ఇంకా పోతోంది. గేటు లేచీ లేవకముందే మావయ్య హారన్ కొట్టాడు. ఆయన హారన్ కొట్టగా అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

ఆపరేషను గదిలో ఏం జరిగిందో డాక్టరమ్మే తర్వాత నవ్వుతూ చెప్పింది. కంటికి మాత్రమే మత్తిచ్చారు, మనిషికి తెలివుంది. తలమీద గుడ్డ కప్పి పని మొదలెట్టగానే, లోపలినించి మాట వినబడిందట. "ముడి గట్టిగా వేస్తున్నారామ్మా?"

"మాట్లాడకూడదమ్మా. కదిలితే కుట్టు పక్కకు పోతుంది."

కాసేపు ఊరుకుని మళ్ళీ, "దారం ఎంత సన్నం?"

"వెంట్రుకకంటే సన్నం."

"మరి మీరు సూదిలోకి ఎలా ఎక్కించుకుంటారు?"

నర్సులంతా నవ్వాపుకోలేకపోయారట.

మర్నాడు పొద్దున కట్టు విప్పారు. మంచం చుట్టూ మావయ్య, నేను, డాక్టరమ్మ. "ఒక్కసారే అంతా స్పష్టంగా కనబడదు. నెలలు పడుతుంది. ఈరోజు వెలుతురు తెలిస్తే చాలు" అని ముందే చెప్పిందావిడ. అత్త రెప్ప ఎత్తింది. మళ్ళీ మూసింది. మళ్ళీ ఎత్తింది. కిటికీ వైపు తిరిగి అలాగే ఉండిపోయింది.

"నీలం" అంది. "ఆ కర్టెను నీలం. అంచు మడత వంకర."

మావయ్య మంచం మీదికి వంగాడు. అత్త ఆయన మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని దగ్గరికి లాక్కుంది. "ఏమండీ, మీ జుట్టంతా ఎప్పుడు నెరిసిపోయింది?"

"నువ్వు చూడనప్పుడు చూసి నెరిసింది" అన్నాడు మావయ్య. 

డాక్టరమ్మ చుక్కల మందు ఎలా వేసుకోవాలో చెప్పింది. నలపకూడదు, బరువులెత్తకూడదు, వంగకూడదు. అత్త అన్నిటికీ తలూపి, ఆఖర్న ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"పేరొద్దు. ఇంకేదైనా ఒక్క మాట చెప్పమ్మా వాళ్ళ గురించి."

డాక్టరమ్మ మందు సీసా బల్లమీద పెట్టింది. "వాళ్ళింట్లోవాళ్ళు ఏడుస్తూనే సరేనన్నారు. నాకు తెలిసిందంతే."

అత్త చెయ్యి వదిలేసింది. తిరిగి ఏం ఇవ్వాలో అడగలేదు. ఆ ఇంటివాళ్ళ కోసం, పేరు తెలియని ఆ ఇంటి కోసం, మంచం మీద కూచునే పైకి వినపడేలా ప్రార్థన చేసింది. పక్కమంచం ఆవిడ కూడా ఆమెన్ అంది.

ఆ వచ్చిన ఆదివారం అత్త చర్చికొచ్చింది. కంటికి అవతలివి కనబడే ప్లాస్టిక్ మూత, మెడలో టేపు లేదు. శనివారం నేల తుడిచింది నేనూ, మరో ఇద్దరూ. బెంచీల కింద మూలలు వదిలేశామని అత్త రాగానే కనిపెట్టింది. నా చెవిలో చెప్పింది కూడా. వంగకూడదు కనక బతికిపోయాం. వెనక బెంచీ దాటి, ముందుకొచ్చి నా పక్కన కూచుంది.

రొట్టె పళ్ళెం మా వరసకొచ్చింది. నేను పక్కకు చూశాను. ఆ వారమంతా అత్త ఎవరికీ ఏమీ చేయలేదు. పైగా ఆసుపత్రిలో వంకర కర్టెన్ల గురించి నర్సుమీద విసుక్కుంది, నేను విన్నాను. అత్త రెండు చేతులూ చాచింది. కుట్టేటప్పుడు ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుకునుండే ఆ వేళ్ళు ఖాళీగా ఉన్నాయి. ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది, కళ్ళు మాత్రం మూసుకోలేదు. తెరిచే ఉంచింది. ముందున్న శిలువని, దీపాన్ని, పాడుతున్న పిల్లల నోళ్ళని, అన్నిటినీ చూస్తూ నమిలింది.

బయటికొచ్చాక మెట్లమీద నన్ను పట్టుకుని, "ఏం అమ్మాయ్, ఇన్నేళ్ళూ మీరంతా ఇలాగే తీసుకుంటున్నారా?" అంది.

"ఎలా అత్తా?"

"ఊరికే."

"ఊరికేగా మరి."

"నాకెవ్వరూ చెప్పలేదేం?" అంది. పాస్టరు గారు వెనకనించి విని తల పట్టుకున్నారు.

ఇప్పుడు మళ్ళీ గోడవతల మిషన్ చప్పుడు వినబడుతోంది. అత్త మారిపోయి కొత్త మనిషైపోయిందని చెప్పను. నేను పంపిన గిన్నె ఒక్కోసారి నిండుగానే వస్తుంది. కానీ ఒక్కోసారి రాదు. నేనే వెళ్ళి అడిగితే, "బాగుంది, మొత్తం నేనే తిన్నాను" అని గిన్నె కడిగిస్తుంది. నేల తుడవడానికీ వెళ్తోంది. తేడా ఏంటంటే తుడుస్తూ పాడుతోంది. శ్రుతి ఏమాత్రం ఉండదు. పాస్టరు గారు ఆ టైముకి బజారు పని పెట్టుకుంటారు.

మొన్న చూపించుకోడానికి వెళ్తే మళ్ళీ నేనే తోడు. డాక్టరమ్మ యంత్రంలోంచి చూసి, కుట్లు చక్కగా ఉన్నాయంది. కుట్లు బాగుంటాయని తనకు ముందే తెలుసన్నట్టు అత్త నావైపు చూసింది. మేం లేవబోతుంటే డాక్టరమ్మ కొంచెం జంకుతూ, "రెండో కంటికి కూడా పేరు రాసుకోమంటారా? మొదటిదానికే మీరు వద్దన్నారట కదా" అంది.

అత్త అప్పటికే మళ్ళీ కుర్చీలో కూచుంది.

"రాసుకోమ్మా, రాసుకో. ఎప్పుడు పిలిస్తే అప్పుడొస్తాం" అంది. "ఈసారి రైలుగేటు వైపు రాం."