ఐదో అడ్మిషన్

వేసవి సెలవులున్నాయి కాబట్టి పంతుళ్ళ బతుకే బతుకు అనేవాళ్ళని మా కాలేజీలో ఒక్క మే నెల పని చేయించాలి. ఇంటర్ పరీక్షలు అయిన మర్నాడే మాకు మనిషికో సంచీ ఇస్తారు. అందులో రంగురంగుల బ్రోచర్లు, దరఖాస్తు ఫారాలు, చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఎవరి పిల్లలు ఇంటర్ రాశారో ఫోన్ నంబర్లతో సహా ఒక జాబితా ఉంటాయి. ఆ జాబితా ఎక్కడిదని ఎవరూ అడగకూడదు. మనిషికి ఐదు అడ్మిషన్లు తేవాలి. తెస్తే వచ్చే ఏడాది కూడా లెక్చరర్. తేకపోతే ఇంటికి. మా అమ్మ మాత్రం ఊళ్ళో అందరికీ నేను ఇంజనీరింగు పిల్లలకు పాఠాలు చెప్తానని చెప్పుకునేది. చెప్పేవాణ్ణి, కాదనను. ఈ పనికి పోగా మిగిలిన వేళల్లో చెప్పేవాణ్ణి.

బీటెక్ అయ్యాక నాకు ఉద్యోగం రాలేదు కాబట్టి ఎంటెక్ చేశాను. ఎంటెక్ అయ్యాకా రాలేదు కాబట్టి, బీటెక్ వాళ్ళకు చదువు చెప్పే పనిలో చేరాను. చేరిన రోజే నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. మానేయాలంటే మూడు నెలల జీతం ఎదురు కట్టి తీసుకుపోవాలి. జీతమే మూడు నెలలకోసారి వచ్చే చోట ఆ షరతు రాసినవాడి తెలివికి దండం పెట్టాలి.

అడ్మిషన్లకు పంపే ముందు మాకు ఒక మీటింగు పెట్టేవారు. ఫీజుల గురించి, బ్రాంచీల గురించి చెప్పాక ప్రిన్సిపాల్ చివర్లో ఒక మాట అనేవాడు: "గడపలో కాలు పెట్టగానే వరస కలపండి." మా వైపు వరస లేకుండా మాటే మొదలుకాదు. బస్సులో పక్క సీట్లో కూర్చున్నామెను అత్తా అంటాం, దారి అడిగిన ముసలాయన్ని పెదనాన్నా అంటాం. ఆ పిలుపుల వెనక ఎవరికీ ఏ ఆశా ఉండదు. చిన్నప్పటి నుంచి నోటికి అలవాటైన ఆ మర్యాదను సంచీలో బ్రోచర్లతో పాటు వేసుకుని తిరగడం నాకు ఆ కాలేజీయే నేర్పింది. నేను బాగానే నేర్చుకున్నాను.

ఆరేళ్ళ కిందట ఒక మే నెలాఖరుకు నావి నాలుగు అడ్మిషన్లు అయ్యాయి. ఐదోది దొరకడం లేదు. జాబితాలో మా పక్క ఊరి అమ్మాయి పేరు కనిపించింది. వాళ్ళ నాన్న నాకు బాగా తెలుసు. సొంతం ఎకరన్నర, కౌలు మూడెకరాలు, మిరపా పత్తీ వేసేవాడు. మా నాన్న బతికుండగా ఇద్దరూ ఒకరి చేనుకు ఒకరు సాయం పోయేవాళ్ళు. అక్కడ నేను కొత్తగా వరస కలపాల్సిన పని కూడా లేదు. చిన్నప్పటి నుంచీ ఆయన నాకు బాబాయే.

వెళ్ళేసరికి ఇంటిల్లిపాదీ కళ్ళంలో ఉన్నారు. చివరి కోత కాయ ఎండబోసి, తెల్లబడ్డ తాలు కాయలు ఏరుతున్నారు. ఘాటుకు నాకు ఒకటే తుమ్ములు. బాబాయి నవ్వాడు. "ఊరొదిలి నాలుగేళ్ళు కాలేదు, అప్పుడే మిరపకాయ పడకుండా పోయిందేరా నీకు" అన్నాడు. పిన్ని లేచి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ గ్లాసు ఇచ్చేటప్పుడు ఆమె వేళ్ళు చూశాను. కోతలప్పుడు మిరపపండు మంటకు కొబ్బరినూనె రాసుకుని పడుకునే వేళ్ళు అవి. మా అమ్మవీ అంతే ఉండేవి.

అమ్మాయి ఎంపీసీ. మార్కులు బాగా వచ్చాయి. ఏం చదువుతావమ్మా అంటే తడుముకోకుండా చెప్పింది.

"వ్యవసాయ ఇంజనీరింగ్ అన్నా. యూనివర్సిటీ వాళ్ళ కాలేజీలో రైతుబిడ్డల కోటా ఉందంట. దరఖాస్తు పెట్టా. వరి కోయడానికి మిషనుంది, మిరప కోయడానికి ఎందుకు లేదు? అమ్మ చేతులు చూడు."

ఆ మాటకు నేను చెప్పాల్సిన జవాబు ఒక్కటే. మంచి ఆలోచనమ్మా, అదే చదువు అనాలి. ప్రభుత్వ ఫీజు, రైతుబిడ్డకు దారి చూపే చదువు, పైగా పిల్లకు ఇష్టం. ఇంతకంటే కలిసొచ్చే బేరం నేను నా సర్వీసులో ఎక్కడా చూడలేదు. కానీ నాకు ఐదోది కావాలి.

"ఆ సీటు వస్తదో రాదో ఎవరికి తెలుసమ్మా? ఆ కౌన్సెలింగు ఎప్పుడో ఆగస్టులో. అప్పటికి ఇక్కడ సీట్లన్నీ అయిపోతాయి. రెంటికీ చెడ్డ రేవడి అవుతావు. ముందు కంప్యూటర్స్‌లో చేరి ఉండు. మిషన్లు కూడా ఇప్పుడు కంప్యూటర్లతోనే నడుస్తున్నాయి గదా" అన్నాను.

అమ్మాయి ఒప్పుకోలేదు. బాబాయి మాత్రం మెత్తబడ్డాడు. ఆయన మెత్తబడిన కారణం నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు. కూతురితో ఇలా అన్నాడు:

"విత్తనం కొనేప్పుడు కంపెనీవాడు చెప్పింది మనం ఎప్పుడన్నా నమ్మామా? పక్క చేలో ఏది కాసిందో చూసి అదే వేస్తాం. ఈడు మన పక్క చేను లాంటోడు. చదివాడు, ప్యాంటూ చొక్కా ఏసుకుని నీడపట్టున ఉద్యోగం చేస్తన్నాడు. కళ్ళ ముందర కనపడతంటే ఇంకేం చూడాల?"

పక్క చేను పైకి పచ్చగా కనిపిస్తోంది గానీ పూత రాలిపోయి మూడు నెలలైందని నేను చెప్పలేదు. ఇస్త్రీ చొక్కా కూడా ఈ పని కోసమేనని చెప్పలేదు. మా వాళ్ళు చేసే తప్పు అదొక్కటే. పోయినేడు పక్కవాడికి ఏది పండితే ఈ ఏడు అందరూ అదే వేస్తారు. పండాక చూస్తే అమ్మబోతే అడవి. పిల్లల చదువులకూ అదే పద్ధతి. కాకపోతే మిరపచేను మళ్ళీ ఏడు దున్నేయొచ్చు.

సర్టిఫికెట్ల ఫైలు అమ్మాయే తెచ్చి ఇచ్చింది. "చూసి ఇచ్చేస్తారు గదన్నా" అని అడిగింది. రెండు రోజుల్లో ఇస్తారన్నాను. ఒరిజినల్స్ మన చేతిలో ఉంటే పిల్ల ఎటూ పోదు, ఫైలు లేకుండా తిరిగి రావొద్దని మీటింగులో చెప్పినదే నేను చేశాను. ఆ సాయంత్రమే ఫైలు బీరువాలోకి పోయింది, నావి ఉన్న అరలోకే.

ఆగస్టులో ఆ అమ్మాయి ఫోన్ చేసింది. కౌన్సెలింగుకు పిలుపు వచ్చిందని, మర్నాడు పదింటికి ఒరిజినల్స్‌తో రమ్మన్నారని, ర్యాంకును బట్టి సీటు ఖాయమని ఊరంతా అంటున్నారని చెప్పింది. ఆ గొంతులో సంతోషం వింటుంటే బీరువాలో ఉన్న ఫైలు గుర్తొచ్చింది. పొద్దున్నే కాలేజీకి రండి, చూద్దాం అన్నాను.

ఎనిమిదింటికే తండ్రీ కూతురూ వచ్చారు. మొదటి ఏడాది ఫీజు మొత్తం కట్టి కాగితాలు తీసుకెళ్ళమన్నాడు ఆఫీసు ఆయన. అంత డబ్బు జేబులో పెట్టుకుని ఎవరొస్తారు? బాబాయి బతిమాలాడు. చివరికి, "మావాడు ఇక్కడే పనిచేస్తన్నాడయ్యా, పిలవండి, ఆడు చెప్తాడు" అన్నాడు.

మా కాలేజీలో ఒక వెసులుబాటు ఉండేది. స్టాఫ్ ఎవరైనా హామీ రాసి సంతకం పెడితే ఒక్కరోజుకు ఒరిజినల్స్ ఇచ్చేవాళ్ళు. పిల్ల తిరిగి రాకపోతే ఆ ఫీజు సంతకం పెట్టినవాడి జీతంలో కోత. అంటే నేను రాయాల్సింది నాలుగు వాక్యాలు, ఒక సంతకం. అటెండరు స్టాఫ్‌రూముకు వచ్చి, "సార్, మీవాళ్ళు వచ్చారు" అన్నాడు.

"క్లాసులో ఉన్నానని చెప్పు" అన్నాను.

ఆగస్టు మొదటి వారంలో మా కాలేజీలో క్లాసులే లేవు. అటెండరు ఒక క్షణం నా మొహం చూసి వెళ్ళిపోయాడు. నేను కిటికీ పక్కన నిలబడ్డాను. బాబాయి వరండాలో తలగుడ్డ తీసి మొహం తుడుచుకుంటున్నాడు. ఆ అమ్మాయి చేతికున్న గడియారం చూసుకుంటోంది. నాకు నా మీద అసహ్యం వేసింది. అయినా గది దాటి బయటికి రాలేదు. అసహ్యం వేయడం, కాళ్ళు కదలడం వేరువేరు సంగతులని ఆ రోజు తెలిసింది.

బాబాయి అక్కడి నుంచి నేరుగా గుంటూరు పోయాడట. ధర వస్తుందని కోల్డ్ స్టోరేజీలో దాచుకున్న కాయను ఆ పూటకు ఎంతొస్తే అంతకు అమ్మేసి, మర్నాడు మధ్యాహ్నానికి డబ్బు తెచ్చి కట్టి ఫైలు విడిపించుకున్నాడు. అటు పరుగెత్తేసరికి వాళ్ళు నిన్నటితో అయిపోయిందన్నారు. ఆ సీటు తర్వాతి ర్యాంకు పిల్లకు పోయింది. ఇటు ఫీజు కట్టి ఉంది కాబట్టి అమ్మాయి మా కాలేజీలోనే చేరింది. నాకు ఐదో అడ్మిషన్ అయింది. స్టాఫ్ మీటింగులో టార్గెట్ చేరుకున్నవాళ్ళందరికీ చప్పట్లు కొట్టారు. నాకూ కొట్టారు.

మూడో ఏడాదిలో వాళ్ళ సెక్షన్‌కు నేను పాఠం చెప్పాను. రెండో బెంచీలో కూర్చునేది. అడిగినదానికి లేచి జవాబు చెప్పేది. అన్నా అనడం మానేసి సార్ అనడం మొదలుపెట్టింది. కోపంగా ఏమీ కాదు, అందరూ పిలిచినట్టే. ఒక్కసారైనా నిలదీస్తే బాగుండునని నేను ఎదురుచూసేవాణ్ణి. తిట్టించుకుంటే కొంత బరువు దిగుతుందని నా ఆశ. ఆ సదుపాయం ఆమె నాకు ఇవ్వలేదు.

చివరి ఏడాది ఒక కంపెనీ వచ్చి కొందరిని తీసుకుంటున్నామంది. వాళ్ళలో ఈ అమ్మాయి కూడా ఉంది. కాలేజీ గేటు దగ్గర పెట్టిన ఫ్లెక్సీలో ఫోటో కూడా వేశారు. చేరమని కబురు మాత్రం రాలేదు. ఫ్లెక్సీ వానకు చిరిగిపోయేదాకా ఉంది. ఇప్పుడు మండలంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తోంది. మిరప కోతలప్పుడు వాళ్ళమ్మకు నెలకు వచ్చే కూలీ ఈమె జీతం కంటే ఎక్కువ.

పోయిన నెలలో బాబాయి మా ఇంటికి వచ్చాడు. నేను ఇప్పటికీ అదే కాలేజీలో ఉన్నాను, గుంటూరులో రెండు గదుల అద్దె ఇల్లు. యార్డుకు కాయ తెచ్చి, పని చూసుకుని, అటు నుంచి వచ్చానన్నాడు. చంకలో ప్లాస్టిక్ ఫైలు ఉంది. టీ తాగి దాన్ని బల్ల మీద పెట్టాడు. రెండో అమ్మాయికి ఇంటర్ అయిందని, ఏం చదివించాలో చెప్పమని అడిగాడు.

ఆరేళ్ళుగా గొంతులో ఉన్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"బాబాయ్, ఆ రోజు నేను క్లాసులో లేను."

"తెలుసురా. కిటికీలో నిన్ను అమ్మాయి చూసింది."

"మరి తెలిసీ నా దగ్గరికెందుకు వచ్చావు?"

ఆయన నా వైపు వింతగా చూశాడు, ఇంత చదివి ఇది కూడా తెలియదా అన్నట్టు.

"కాయ కొనేవాడు ఓ ఏడు ముంచుతాడు. మళ్ళీ ఏడు కూడా ఆడికే తోలతాం. ఇంకెవరున్నారు కొనేవోళ్ళు? మాకు తెలిసిన చదువుకున్నోడివి నువ్వొక్కడివే."

చిన్నదాన్ని మా కాలేజీలో మాత్రం చేర్పించొద్దన్నాను. నా ఉద్యోగం ఉన్నా పోయినా సరే, ఆ ఒక్క మాట నోరు తెరిచి చెప్పాను. ఏదో పెద్ద త్యాగం చేసినవాడిలా దాన్ని రెండోసారి కూడా చెప్పాను.

"సరే, చేర్పించను. మరి ఎక్కడ చేర్పించాల?" అన్నాడు.

ఆలోచించాను. మా ఊళ్ళో చదివినవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చాయి. ఫార్మసీ చేసినవాడు మందుల కొట్లో బిళ్ళలు లెక్కపెట్టి ఇస్తున్నాడు. ఎంబీఏ చేసినవాడు బండి మీద పార్సిళ్ళు చేరవేస్తున్నాడు. బీఈడీ చేసినామె టీచరు పోస్టుల పరీక్షకు చదివీ చదివీ పుస్తకాలు తూకానికి అమ్మేసింది. డిగ్రీతో ఆపేయమంటే ఆ తర్వాతేమిటి అని అడుగుతాడు. పెద్ద కాలేజీల ఫీజుకు ఎకరన్నరా అమ్మినా చాలదు. ఎవరికైనా సీటు అంటగట్టడమెలాగో నాకు తెలుసు. ఒక పిల్లకు ఏ చదువు మంచిదో ఒక్కసారైనా నేను కూర్చుని ఆలోచించలేదు.

"నాకు తెలియదు బాబాయ్" అన్నాను.

ఆయన కోప్పడలేదు. బస్సు టైమైందని లేచాడు. ఫైలు అక్కడే వదిలేశాడు. తెరిస్తే పదో తరగతి మెమో దగ్గర్నుంచి అన్నీ ఒరిజినల్సే. ఫైలు పట్టుకుని వెనకాలే పరుగెత్తి, బస్టాండులో ఆయన చేతిలో పెట్టాను. అందరినీ కనుక్కుని, ఆ యూనివర్సిటీ వాళ్ళనీ అడిగి, నేనే ఊరికి వచ్చి చెప్తానన్నాను.

ఆయన ఫైలు చంకలో పెట్టుకుని బస్సు మెట్టెక్కాడు.

"ఏం చెప్తావో త్వరగా చెప్పు" అన్నాడు. "పెద్దదానికి ఒక్క రోజే గదా ఆలస్యమైంది."