గుడ్డు మా పెదనాన్నది, తప్పు నాది

మేము ఇంగ్లీషు సినిమాలు చూసిన ఆ రోజుల్లో, సినిమా అర్థమై తీరాలనే నియమం ఎవరూ పెట్టుకోలేదు. బస్సంత చీమ ఊరి మీద పడేది. పళ్లెం లాంటిదొకటి దారానికి వేలాడుతూ ఆకాశంలోంచి దిగేది (దారం కూడా కనబడేది, మర్యాద కోసం చూడనట్టు ఊరుకునేవాళ్లం). తెల్లకోటు ఆయనొకడు గబగబా ఏదో చెప్పేవాడు, వెంటనే జనం పరిగెత్తేవారు. ఎందుకు పరిగెత్తారో ఎవరికి వారు ఊహించుకునేవాళ్లం. ఆనందమంతా ఆ అయోమయంలోనే ఉండేది. ఇప్పుడు ఫోనులో అవే సినిమాలు తెలుగు మాటలతో వస్తున్నాయి, అన్నీ అర్థమవుతున్నాయి, ఎందుకో అంత బాగుండటం లేదు. అయితే ఇది సినిమాల గొప్ప చెప్పడానికి రాస్తున్నది కాదు. నా మూలంగా ఒక పెద్దమనిషి ముప్పై అయిదేళ్లు కోతల మాస్టారు అనిపించుకున్నారు, మొన్న మొన్న మతి తప్పినవారు కూడా అనిపించుకోబోయారు. ఆ సంగతి సరిదిద్దాలి.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. తాడేపల్లిగూడెంలో ఒక వీడియో షాపులో పని. ఎవరైనా టీవీ, క్యాసెట్లు ఆడించే వీసీపీ అద్దెకి తీసుకుంటే వాటితోపాటు నేనూ వెళ్లేవాణ్ణి, ఎందుకంటే ఆ మిషను నడపడం అందరికీ తెలిసేది కాదు. (నాకూ పూర్తిగా తెలియదు. బొమ్మ చెదిరితే కొత్త రూపాయి నోటు మడిచి, లోపల టేపు తగిలే హెడ్డు తుడవాలని మాత్రం తెలుసు. చూసేవాళ్లకి అదే మహా విద్యలా ఉండేది.) మా పెదనాన్న కలిదిండి దగ్గర హైస్కూల్లో సైన్సు మాస్టారు. రాక్షసబల్లుల పాఠం చెబుతూ ఉత్సాహం పట్టలేక "మీకు నడిచే బల్లినే చూపిస్తానర్రా" అని ఎనిమిదో తరగతికి మాటిచ్చేశారు. ఆయన మాటిస్తే జరగాల్సిందే. అందుకని నేను వీసీపీని సంచీలో పెట్టి, టీవీని దుప్పట్లో చుట్టి, పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని, బస్సులు మారుతూ కలిదిండి చేరాను.

చేపల చెరువులకి తవుడు తెచ్చిన గోనెసంచులు కిటికీలకి కట్టి తరగతిని చీకటి చేశారు. మిట్టమధ్యాహ్నం, తవుడు వాసన, యాభైమంది పిల్లలు. టీవీ పక్కన బెత్తంతో పెదనాన్న. ఆయనకి ఇంగ్లీషు వ్యాకరణం బాగా వచ్చు గానీ తెరమీది మనుషులు వ్యాకరణానికి ఆగేవారు కాదు. అయినా ఆయన ఆగకుండా తెలుగులో చెప్పుకుపోతున్నారు. సరస్సులోంచి రబ్బరు చర్మం మృగం లేచింది.

"ఇది మన కొల్లేరు లాంటిదేనర్రా. కాకపోతే లోతెక్కువ."

"మాస్టారండీ, దానికి మేత ఏమేస్తారండీ?" అన్నాడొక చెరువు రైతు కొడుకు.

"దానికి ఒకళ్లు వెయ్యక్కర్లేదురా, అదే చూసుకుంటుంది," అంటూండగానే మృగం ఒక పోలీసుని నోట్లో పెట్టుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

సరిగ్గా మృగం ఊళ్లోకి వచ్చి, గడ్డం సైంటిస్టు గొట్టం లాంటిదేదో పైకెత్తగానే బొమ్మ వణికి ఆగిపోయింది. వీసీపీ మూత తీస్తే టేపంతా లోపల సేమ్యాలా చుట్టుకుపోయి ఉంది. "విశ్రాంతి!" అని అరిచి, బ్లేడుతో కోసి, పిడికెడు టేపు జేబులో కుక్కాను. ఆ క్షణంలో "సినిమా పాడైందండీ" అంటే అయిపోయేది. కానీ పిల్లలందరూ నన్ను వ్యోమనౌక దిగినవాణ్ణి చూసినట్టు చూస్తున్నారు. పెదనాన్న చేతిగుడ్డతో మొహం తుడుచుకుంటూ "ఎలా ఉందర్రా?" అని మురిసిపోతున్నారు. నా సంచీలో మరో క్యాసెట్ ఉంది, తిరుగుదారిలో ఏలూరులో ఎవరికో ఇవ్వాల్సింది. రాకెట్ సినిమా. అదీ నలుపు తెలుపే, అందులోనూ తెల్లకోట్లే. పేర్లు పడకుండా సగం దాకా ముందుకి తిప్పి పెట్టేశాను.

తెరమీద రాకెట్ గాల్లో పోతోంది. పెదనాన్న బెత్తం గాల్లో ఆగిపోయింది. నేను పైకప్పు పెంకులు చూస్తూ నిలబడ్డాను. రాకెట్ లోపల ఒక పెట్టె చుట్టూ నలుగురు ఆందోళనగా మూగారు. పెదనాన్న గొంతు సవరించుకున్నారు.

"అదుగో ఆ పెట్టెలో ఉన్నది గుడ్డు. మృగం చచ్చేముందు పెట్టింది. భూమ్మీద పిల్లయితే ఊళ్లుండవు కదా, అందుకని చంద్రుడి మీద వదలడానికి తీసుకెళ్తున్నారు."

తరగతి మొత్తం ఊపిరి బిగపట్టింది. నేనూ బిగపట్టాను. నాకూ ఆ గుడ్డేమవుతుందో తెలుసుకోవాలనిపించింది!

మొదటి బెంచీలోంచి ఆయన కూతురే లేచింది, నాకు చెల్లెలు. "నాన్నగారండీ, ఇందాక ఆయనకి గడ్డం ఉంది కదండీ? ఇప్పుడేదండీ?"

"రాకెట్ ఎక్కేముందు గీయించుకోవాలి. లేకపోతే హెల్మెట్ పట్టదు. అడ్డుప్రశ్నలు మాని కూర్చో."

తరగతి గొల్లుమంది. పదోతరగతి అయ్యేదాకా దాన్ని బడిలో "గడ్డం" అనే పిలిచారు. ఆ సాయంత్రం నేను జేబులోని టేపుని బడి వెనక చెరువు కావలివాడికిచ్చాను. నీటికాకులు చేపలెత్తుకుపోకుండా అతను చెరువు మీద టేపులు కడుతూ ఉండేవాడు. సాక్ష్యం పోయిందనుకున్నాను.

తర్వాత చెబుదామనే అనుకున్నాను. కానీ ప్రతిసారీ నేను నోరు తెరిచేలోగా ఆయన గుడ్డు ఎత్తుకునేవారు. మొదట అది పుచ్చకాయంత ఉండేది. రిటైరై ఏలూరులో చెల్లి ఇంటికి వచ్చేసరికి ధాన్యం గాదె అంతైంది. లైబ్రరీలో తోటి పెద్దలు "అలాంటి సినిమా లేదండీ మాస్టారూ" అని నవ్వేవారు. చివరికి చెల్లి ఫోనులో వెతికింది, లేదు. అప్పట్నుంచీ దానికి భయం పట్టుకుంది. ఆయన్ని ఒంటరిగా గడప దాటనివ్వడం మానేసింది, లైబ్రరీ బంద్. ఒకరోజు డాక్టరు దగ్గరికి బయల్దేరదీసి నన్ను తోడు రమ్మంది.

"గుడ్డు లోపల కదిలిందంటున్నారండీ," అంది డాక్టరుగారితో, కళ్లు తుడుచుకుంటూ.

"కదిలింది. నువ్వప్పుడు గడ్డం చూస్తూ కూర్చున్నావు," అన్నారు పెదనాన్న. కానీ ఆ గొంతులో మునుపటి ధీమా లేదు. నావైపు తిరిగి, "ఒరే అబ్బాయ్, నువ్వున్నావు కదరా. నిజంగా చూశానా నేను?" అన్నారు.

డాక్టరుగారు కలం తీశారు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. "ఆ సినిమా ఉందండీ. అంటే లేదండీ. సగం ఉంది, ఇంకో సగమూ ఉంది, కలిపి లేదండీ."

డాక్టరుగారు కలం నావైపు తిప్పి మెల్లగా అడిగారు: "మీ వయసెంతండీ?"

అంతా చెప్పడానికి పావుగంట పట్టింది. చెల్లి నన్ను చూసిన చూపు ఆ మృగానికి కూడా లేదు. "గడ్డం అని ఎన్నేళ్లు ఏడిపించారన్నయ్యా నన్ను!" అని మాత్రం అంది. కారెక్కాక పెదనాన్న నా భుజం తట్టారు.

"అయితే ఆ గడ్డం ఆయనా, రాకెట్ ఆయనా వేరేనా?"

"వేరేనండీ."

ఆయన కూతురివైపు తిరిగారు. "నువ్వడిగింది సరైన ప్రశ్నేనమ్మా. నేనే కూర్చోబెట్టాను." అది కిటికీలోంచి బయటికి చూస్తూ తల మాత్రం ఊపింది. మళ్లీ ఆయనే, "మరి గుడ్డు?" అన్నారు.

"గుడ్డు మాత్రం పూర్తిగా మీదేనండీ."

ఆ మధ్యాహ్నం మొదటి సినిమాని ఫోనులో వెతికి, ఆగిన చోటు నుంచి ముగ్గురం చూశాం. గడ్డం ఆయన గొట్టం పేల్చాడు, మృగం పడిపోయింది, అంతే. "పాపం, ఊరికే చంపేశారా! మనం గుడ్డయినా మిగిల్చాం," అన్నారు పెదనాన్న. మర్నాడు చెల్లి చెప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఒక్కరే లైబ్రరీకి వెళ్లొచ్చారు.

నాకు మాత్రం ఆ మృగం అక్కడ చచ్చిందంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. కలిదిండిలో బస్సు కోసం నిలబడ్డ ఆ ఇరవై ఏళ్ల వెధవకి, గాలికి జుయ్యిమంటూ చెరువు మీద మోగుతున్న ఆ మృగం టేపు వినబడుతోంది. నీటికాకులు దాన్ని చూసి నిజంగానే భయపడి లేచిపోతున్నాయి. వాడు టీవీని పొదివి పట్టుకుని, గుడ్డు చంద్రుడి మీద పిల్లయితే ఏమవుతుందా అని ఆలోచిస్తూ, వచ్చిన బస్సుని ఎక్కడం మర్చిపోయాడు.