జటామాంసి నీళ్లు తాగి అంగడికెళ్లిన రోజు

నాకు అక్షరాలు వచ్చి రెండేళ్లే అయింది, అందుకే ఇన్నాళ్లూ ఇది రాయలేకపోయాను. అరవై దాటాక మా పేట చూలైలో సాయంత్రం బడికి పోయి అ ఆలు దిద్దినదాన్ని. మొన్న మా కోడలు నెల్లూరు నుంచి తెచ్చిన కవరు మీద జటామాంసి అన్న పేరు నాకు నేనే కూడబలుక్కుని చదివి, వంటింట్లో గంతేసినంత పని చేశాను. చదువు రాని రోజుల్లో ఆ జటామాంసి వేళ్లే నా కొలువు ఊడగొట్టబోయాయి మరి!

అప్పుడు నేను కొత్త కోడల్ని. జార్జి టౌన్‌లో ఒక నాటు మందుల అంగడిలో పొడులు పొట్లాలు కట్టే పని మా అత్తది; ఆమెకు మోకాళ్లు పట్టేయడంతో నన్ను పంపాలనుకుంది. సొరుగుల మీద పేర్లు అరవంలో ఉండేవి, ఆమెకూ చదువు రాదు, అయినా అన్నేళ్లూ వాసన చూసే నెట్టుకొచ్చింది. నెల రోజులు నా కళ్లకు తువ్వాలు కట్టి, శొంఠి, వస, కచ్చూరాలు, పిప్పళ్ల పొడులు చిటికెడు చిటికెడు ముక్కు కింద పెట్టి పేర్లు చెప్పించింది. ఇల్లు దాటి, బస్సెక్కి, నా చేతులతో ఒక పని చేయబోతున్నానని ఎంత సంబరమో, గుండెలో అంత దడ.

ఆ దడకి మా ఇళ్లలో మందు జటామాంసి నానబెట్టిన నీళ్లు. పనిలో చేరే రోజు పొద్దున్నే ఒక గ్లాసు తాగాను, అది చాలదని నానిన వేళ్లు కొంగున కట్టుకుని బస్సులో దారి పొడుగునా వాసన చూస్తూ పోయాను. దడ తగ్గింది, నిజమే, కానీ ఆ ఘాటు ముక్కులోనే కూర్చుంది. ఏ సొరుగు తీసినా జటామాంసే! శొంఠి అనుకుని వస పొట్లం కట్టాను. అది గడప దాటకముందే యజమాని పట్టుకున్నాడు, రేపు కూడా ఇట్లాగే అయితే ఎల్లుండి నుంచి రావద్దన్నాడు.

ఏడుస్తూ చెబితే అత్త పగలబడి నవ్వింది. "ధైర్యానికని ఇస్తే ముక్కునే పోగొట్టుకొచ్చినావా అమ్మే! భయమేస్తే వెయ్యనీ, ఆడ కావాల్సింది ముక్కు."

ఇప్పుడు ఆ అంగడి వీధిలో అన్నీ అతికించిన కవర్లే, పేరు తెలుగులో ఉంటే చదవగలను, కానీ ఒక్కటీ వాసన రాదు. కళ్లు మూసుకుని సరుకు పేరు చెప్పగలిగిన మా తరం ముక్కులకి ఇక పనేముంది అనిపిస్తుంది.

అత్త అట్లా నవ్విన మర్నాడు పొద్దున మాత్రం జటామాంసి నీళ్లు తాగలేదు. ఉతికిన చీర కట్టుకుని, తలలో పూలు కూడా పెట్టుకోకుండా, గుండె దడదడలాడుతుండగానే వెళ్లి, యజమాని అడిగిన పొడులన్నీ ఒక్కొక్క సొరుగూ వాసన చూసి తప్పులేకుండా పొట్లాలు కట్టాను. ఆయన తన పనిలో పడ్డాడు, నేను తరువాతి పొట్లానికి దారం తెంపాను.