దయ్యం వచ్చే టైముకు ఐలేష్ పెండ్లి

మా ఇబ్రహీంపట్నం కేబుల్ బాలేష్‌ది ఒకటే పట్టుదల. తన వైరు మీదికి దయ్యాన్ని రానిచ్చేవాడు కాదు. సినిమా ఏదైనా, సీరియల్ ఏదైనా, దయ్యం రాబోతోందని అనుమానం తగిలితే చాలు, చటుక్కున బొమ్మ మారిపోయి ఐలేష్ పెండ్లి వచ్చేది. దయ్యం పని ముగించుకుని పోయాక మళ్లీ సినిమా వచ్చేది. మా ఊరి పిల్లలు పెద్దయి పట్నంలో హాస్టళ్లలో చేరాకగానీ, దయ్యాల సినిమాల్లో దయ్యం కూడా ఉంటుందని వాళ్లకు తెలియలేదు.

ఐలేష్ పెండ్లి క్యాసెట్టు తీసింది నేనే. నా పేరు సతీశ్. డిపో రోడ్డులో నాది ఫోటో స్టూడియో, మేడ మీద బాలేష్ కంట్రోల్ రూం. అందులో ఒక స్విచ్చు ఉండేది. ఇటు తిప్పితే ఛానల్, అటు తిప్పితే క్యాసెట్. ఆ స్విచ్చు పక్కన బాలేష్ సాయంత్రం నుంచి చెవులు రిక్కించుకుని కూర్చునేవాడు. ఫిడేలు కాస్త సన్నగా ఏడ్చిందా, చెయ్యి స్విచ్చు మీద పడేది. తెల్లచీర కనబడిందా, ఇక ఆలోచించేది లేదు. ఒకసారి పాపం ఎవరో ముసలమ్మ తెల్లచీరలో మనవడికి పాలు తెస్తుంటే కూడా పెండ్లి వేసేశాడు. బట్టల సబ్బు ప్రకటనకు వేసిన రోజు మాత్రం నేనే మేడెక్కి పోట్లాడాను.

మర్నాడు జనం నిలదీసేవాళ్లు. వైరు తెగిందనేవాడు. వైరు తెగితే బొమ్మ పోవాలిగానీ పెండ్లెట్లొస్తదని ఎవరన్నా అడిగితే, దానికీ జవాబుండేది.

"వైరుకు గూడ దయ్యమంటే బుగులుంటది గద."

ఈ వ్యవహారంలో అందరికంటే ఎక్కువ నష్టపోయింది ఐలేష్, సుశీల. వాళ్ల పెండ్లి ఊరంతటికీ కంఠస్థం. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు సుశీల ఆవులించిందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఐలేష్ సంతలో కూరగాయలు కొంటుంటే ఎవరి చంకలోనో పిల్ల కెవ్వుమనేది, ఈ ముఖం కనబడిందంటే దయ్యం దగ్గరలో ఉన్నట్టే కదా. ఊళ్లో నిజం పెండ్లిళ్లలో కూడా సన్నాయి మొదలుకాగానే పిల్లలు తల్లుల కొంగుల కింద దూరేవాళ్లు. సుశీల వచ్చి బాలేష్‌ను నిలబెట్టి కడిగేసింది. ఆయన అంతా విని, ఆవులించినా మంచిగనే ఉన్నవమ్మా అని చెప్పి పంపించాడు.

బాలేష్ పిరికివాడని ఊరు తేల్చేసింది. ఈ మాట అందరికంటే గట్టిగా అనేవాడు పరశురాం. చిన్నప్పుడు బక్కగా ఉండేవాడుగానీ, ఇప్పుడు మహేశ్వరం వైపు వెంచర్లలో ప్లాట్లు అమ్ముతూ తలుపు పట్టనంత మనిషయ్యాడు. మెడలో గొలుసు, తెల్ల చొక్కా. ఎక్కడ నలుగురు కూర్చున్నా, మా బచ్‌పన్ మొత్తం గీ బాలేషన్న ఖరాబ్ చేసిండని మొదలుపెట్టేవాడు. బాలేష్ అక్కడే ఉంటే నవ్వి, వాడికో చాయ్ చెప్పేవాడు.

ఇక సంతోషి సంగతి చెప్పాలి. రెండు వేల సంవత్సరం ఆ ప్రాంతంలో పట్నం నుంచి ఏదో చిన్న ఛానల్‌వాళ్లు వచ్చి, మా పెద్ద చెరువు కట్ట మీద పిల్లల కోసం ఒక దయ్యం సినిమా తీశారు. దాని పేరు 'తూముకాడి పిల్ల'. తూము దగ్గర కనబడే దయ్యం పిల్ల వేషానికి మా ఊరి నాలుగో తరగతి సంతోషిని తీసుకున్నారు. జుట్టు విరబోసి, ముఖానికి పిండి పూసి, చేతికి లాంతరిచ్చి నిలబెడితే, సొంత మేనమామే జడుసుకున్నాడని చెప్పుకునేవాళ్లు.

ఆదివారం సాయంత్రం అది టీవీలో వచ్చింది. ఊరంతా టీవీల ముందు కూర్చుంది. సంతోషి వాళ్లింట్లో చుట్టాలకు బజ్జీలు కూడా వేశారు. సగం సినిమా సాఫీగా నడిచింది. దయ్యం వచ్చే వేళయింది. ఐలేష్ పెండ్లి వచ్చింది. దయ్యం పిల్ల ఆ తర్వాత సినిమా చివరిదాకా ఉంటుందట. అందుకని మేము కూడా తలంబ్రాలు, చదివింపులు, భోజనాలు చివరిదాకా చూశాం. తెలంగాణ మొత్తం మా ఊరి పిల్లను చూసింది, మా ఊరు తప్ప.

ఆ ఛానల్ ఏడాదికే మూతపడింది. వాళ్ల క్యాసెట్లు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. సినిమా గాలిలో కలిసిపోయింది.

సంతోషి ఇప్పుడు మా డిపోలో బస్సు కండక్టరు. ఈ మధ్య ఫోన్లలో పాత టీవీ కార్యక్రమాలు వెతికే గుంపులు వచ్చాయి కదా, వాటిలో 'తూముకాడి పిల్ల' కోసం పెద్ద వెతుకులాటే జరుగుతోందని ఆమెకు ఎవరో చూపించారు. ఆ పిల్లను చూసి వారం రోజులు పెరట్లోకి ఒంటరిగా పోలేదని కరీంనగర్ నుంచి ఒకాయన రాశాడు. సంతోషి టికెట్లు కొట్టే సందులో అది చదువుకుని మురిసిపోయేది. ఆ ముచ్చట బిడ్డ లిఖితకు చెప్పింది. లిఖిత బళ్లో చెప్పింది. క్లాసు మొత్తం నవ్వి, మీ అమ్మ దయ్యమైతే చూపించమంది. ఊళ్లో ఎవరిని అడిగినా, మేము పెండ్లే చూసినం బిడ్డా అన్నారు. చివరికి లిఖిత తల్లి ముఖం మీదే, నువ్వు ఉత్తగ చెప్పినవ్ గదా అనేసింది.

ఆ మాట సంతోషికి ముల్లులా గుచ్చుకుంది. డ్యూటీ దిగి, యూనిఫాంతోనే నేరుగా కంట్రోల్ రూంకు వచ్చింది. నేనక్కడే ఉన్నాను. ఆ రోజు నువ్వు రికార్డు గిట్ల చేసుకున్నవా అన్నా, నా బిడ్డకు ఒక్కసారి చూపిస్తే చాలని అడిగింది. బాలేష్ స్విచ్చు వైపు చూస్తూ లేదన్నాడు. ఆమె మెట్లు దిగిపోయింది. తెప్పించిన చాయ్ ఆయన తాగలేదు, అది మీగడ కట్టి చల్లారిపోయింది.

తర్వాత నెలలో ఐలేష్ నా దగ్గరికి వచ్చాడు. పెండ్లయి పాతికేళ్లు, పిల్లలు ఫంక్షన్ చేస్తున్నారు, ఆ వీడియో పెన్‌డ్రైవ్‌లో కావాలన్నాడు. ఊరంతా వెయ్యిసార్లు చూసిన పెండ్లిని పెండ్లికొడుకు మళ్లీ అడగడం చూసి నాకు ముచ్చటేసింది. క్యాసెట్టు బాలేష్ దగ్గరే ఉంది. ఆయన వైరు కట్టడానికి ఎక్కడో స్తంభమెక్కి ఉన్నాడు. ఫోన్ చేస్తే, పోయి తీసుకో, బీరువాల ఉన్నది అన్నాడు. బీరువాలో రెండు డబ్బాలున్నాయి. ఒకదాని మీద 'ఐలేష్ పెండ్లి', రెండోదాని మీద 'ఐలేష్ పెండ్లి, రెండో భాగం'.

ఆ పెండ్లికి రెండో భాగం లేదు. తీసినవాణ్ణి నాకు తెలియదా? భోజనాల దగ్గర నా బ్యాటరీ అయిపోయి, పెండ్లికొడుకు పెరుగన్నం తింటుండగా బొమ్మ ఆగిపోయింది. ఆ ఊరేగింపు తీయనందుకు సుశీల తండ్రి నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు.

కిందికి తెచ్చి పెట్టి చూశాను. గీతలు, మసక, మధ్యలో రంగులు పోయాయి. అయినా తెలిసిపోతోంది. పెద్ద చెరువు కట్ట, తూము, లాంతరు పట్టుకున్న పిల్ల. 'తూముకాడి పిల్ల' మొదటి నుంచి చివరిదాకా ఉంది. కళ్లు పెద్దవి చేసి సంతోషి చూసిన చూపుకు, నేను ఈ వయసులో లేచి లైటు వేసుకున్నాను.

బాలేష్ రాగానే అడిగాను. గది పెండ్లే, మంచిగ చూడమన్నాడు. పెండ్లికూతురు నీళ్లల్లోంచి లేస్తోందన్నాను. ఆయన నిచ్చెన గోడకానించి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"పరశురాం వాళ్ల బాపు యాదికున్నడా?" అన్నాడు.

చెన్నయ్య. ఎందుకు గుర్తులేడు? చేపల వలకని పోయి ఆ తూము దగ్గరే మునిగిపోయాడు. అప్పటికి పరశురాం ఒకటో తరగతి. తల్లి నాగులమ్మ హాస్టల్లో వంటకు పోయి, రాత్రి అన్నాలయ్యాకగానీ వచ్చేది కాదు. పిల్లవాడు ఒక్కడే టీవీ పెట్టుకుని కూర్చునేవాడు. ఒకరోజు ఏదో దయ్యం సినిమా చూసి వాడికి జ్వరం వచ్చింది, చచ్చిపోయిన బాపు గట్లనే వస్తడా అని అడుగుతున్నాడని నాగులమ్మ కేబుల్ డబ్బులిస్తూ మాటవరసకు చెప్పింది.

"వానింటికి ఒక్కదానికే బంద్ చేస్తే, ఇంట్ల మాట్లాడే టీవీ గూడ పోతది," అన్నాడు బాలేష్. "అందరికి వైరొక్కటే. అందుకే అందరికి బంద్ చేసిన. ఎవని కోసమని ఎవలకు తెల్వకుంట."

'తూముకాడి పిల్ల'లో కథ అచ్చం వాడిదే. చెరువుకు పోయిన తండ్రి తిరిగిరాడు, కొడుకు వెతుక్కుంటూ పోతాడు. దయ్యం రాగానే బాలేష్ స్విచ్చు తిప్పాడు. సంతోషికి ఎప్పుడో ఇవ్వాలని రెండో వీసీఆర్‌లో రికార్డు మాత్రం ఆపలేదు. పరశురాం పెద్దయ్యాక ఇద్దామనుకున్నాడు. వాడెప్పుడు పెద్దయ్యాడో ఈయనకు తెలియలేదు.

నాకు కోపం వచ్చింది, నవ్వు కూడా వచ్చింది. వాడిప్పుడు తలుపులో పట్టడం లేదు బాలేష్ అన్నాను. ఒకరి కోసం ఇంకొకరి ముచ్చట మింగేసినవ్ అని కూడా అన్నాను. తెలుసన్నట్టు తలూపాడు. అసలు నువ్వు ఇది చివరిదాకా చూశావా అంటే, చూడలేదన్నాడు. ఎందుకని అడిగితే, దయ్యం ఉంది గదా అని సిగ్గుపడ్డాడు. కూర్చోబెట్టి చూపించాను. తర్వాత రెండే మాటలన్నాడు. ఆదివారం కేబుల్ల వేద్దాం, పరశురాంను నా పక్కన కూసోబెట్టు. వాడి సంగతి మాత్రం ఎవరికీ చెప్పొద్దని నా చేత మాట తీసుకున్నాడు.

ఇప్పుడు కేబులున్న ఇండ్లు తక్కువ. అందుకని స్టూడియో ముందే పెద్ద టీవీ పెట్టి కుర్చీలు వేశాం. ఊళ్లో సగం మంది వచ్చారు. ఐలేష్, సుశీల ముందు వరుసలో కూర్చున్నారు. సంతోషి పట్టుచీర కట్టుకుని లిఖితను లాక్కొచ్చింది. పరశురాం వస్తూనే, ఇయ్యాల గూడ వైరు తెగుతదా అన్నా అని అందరినీ నవ్వించి, బాలేష్ పక్కన కూలబడ్డాడు. బాలేష్ తన చేతులను తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

సగం సినిమా అయింది. ఫిడేలు సన్నగా ఏడ్చింది. ఊరంతా అలవాటు కొద్దీ సన్నాయి కోసం చూసింది. సన్నాయి రాలేదు. నీళ్లు కదిలాయి, లాంతరు వెలిగింది, నాలుగో తరగతి సంతోషి తలెత్తి మా ఊరి వైపు చూసింది. లిఖిత కెవ్వున అరిచి తల్లి ఒళ్లోకి దూకి ముఖం దాచుకుంది.

"అమ్మా, గది నువ్వేనా?"

"అవ్, నేనే."

"మరి గట్లెందుకు చూస్తున్నవ్?"

సంతోషి ముఖం చూడాలి అప్పుడు. కన్నబిడ్డను అంతగా భయపెట్టి అంత సంతోషించిన తల్లిని నేనింతవరకు చూడలేదు.

పరశురాం మాత్రం నవ్వడం మానేశాడు. తెర మీద పిల్లవాడు బాపూ బాపూ అని కట్ట మీద తిరుగుతున్నాడు. దయ్యం పిల్ల వాడి ముందుకొచ్చి లాంతరెత్తింది. వాణ్ణి నీళ్లలోకి లాగలేదు. కట్ట దింపి, చీకట్లో దారి చూపిస్తూ వాళ్లింటి దాకా నడిపించింది. మీ బాపు చెప్పిండు, మీ అమ్మ వచ్చేదాంక నీకు తోడుండుమని, అంటూ గడపలో కూర్చుంది. అక్కడితో సినిమా అయిపోయింది. ఇన్నేళ్లూ బాలేష్ మా కంట పడకుండా కాపాడిన దయ్యం అది.

చప్పట్లు మోగాయి. సంతోషి లేచి బాలేష్ ముందుకొచ్చింది. కోపంగా లేదుగానీ అడగకుండా పోయేలా కూడా లేదు.

"క్యాసెట్ నీ దగ్గర్నే ఉండె గదన్నా. నేనొచ్చి అడిగితే ఎందుకు లేదన్నవ్?"

"నాకు దయ్యమంటే బుగులు బిడ్డా," అన్నాడు బాలేష్.

జనం గొల్లుమన్నారు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వాడు. ఇచ్చిన మాట నా నాలుక మీద నిప్పులా ఉంది. అప్పుడు పక్క కుర్చీలోంచి పరశురాం లేచాడు.

"ఆయనకు గాదు. బుగులు నాకు."

నవ్వులు ఆగిపోయాయి. అంత పెద్ద మనిషి గొలుసు సవరించుకుంటూ, తల వంచుకుని చెప్పాడు. "మా అమ్మ వచ్చేదాంక ఇంట్ల ఒక్కన్నే ఉంటుంటి. దయ్యం వస్తదనంగ పెండ్లొస్తుండె. అవుతల ఎవలో కూసొని నన్ను చూసుకుంటున్నరని అనిపిస్తుండె. ఎవలో ఇయ్యాల సమజైంది."

బాలేష్ నేల చూపులు చూస్తున్నాడు. సంతోషి ఒక్కతే తేరుకుని, బస్సులో చిల్లర అడిగే గొంతుతోనే పరశురాంను కసిరింది.

"గప్పుడే చెప్తే నేనే మీ ఇంటికొచ్చి కూసుందును గదరా. దయ్యమే పక్కన కూసున్నంక ఇంక బుగులేంది?"